రాగం వచ్చిన ఆదివారం

మా ఇంట్లో ఆదివారం పదకొండున్నరకి మొదలయ్యేది. అంతకు ముందు గంటలన్నీ దానికి ఏర్పాట్లే. మా ఆయన బీరువా మీద నుంచి సీసా దించి, లుంగీ అంచుతో దుమ్ము తుడిచి, గాజు గ్లాసులు స్వయంగా కడిగి బోర్లించేవారు. మిగతా ఆరు రోజులూ తాగిన కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టారో తెలియని మనిషి, ఆ గ్లాసుల్ని మాత్రం వేలిముద్ర పడకుండా పట్టుకునేవారు. తర్వాత టీవీ పెట్టి, ఏదో ఒక ఛానల్ వదిలేసి, గేటు వైపు చూస్తూ కూర్చునేవారు.

ఆయన చూసేది పాత్రపూర్ నుంచి రావలసిన స్నేహితుడి కోసం. ఇద్దరూ ఇక్కడే, ఒడిశా బరంపురంలో, కాలేజీలో కలిసి చదువుకున్నారు. ఆ స్నేహితుడికి పాత్రపూర్‌లో ఎరువుల దుకాణం ఉంది. నన్ను వొదినా అంటాడు కాబట్టి నాకు మరిది. ప్రతి ఆదివారం బస్సులో వస్తాడు, బస్సులోనే పోతాడు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

వాళ్లిద్దరి కబుర్లు నాకు కంఠతా వచ్చు. విస్కీలో నీళ్లు పోయాలా సోడా పోయాలా అన్న దగ్గర మొదలయ్యేవి. ఈ చర్చకి ఇరవై ఆరేళ్లలో తీర్పు రాలేదు. తర్వాత పాటల్లోకి దిగేవారు. పాత పాటల్లో ఉన్న తీపి ఇప్పటి పాటల్లో లేదని ఒకరు, లేనే లేదని ఇంకొకరు. అలా అంటూనే మా మరిది ఫోన్ తీసి, మొన్న వచ్చిన పాటేదో పెట్టి, కాలు ఊపుతూ వినేవాడు. టీవీలో ఏ పాట వచ్చినా మా ఆయన కల్యాణి అనేవారు. మా మరిది కాదు, మోహన అనేవాడు. రాగాల్లో ఇద్దరికీ తెలిసినవి ఆ రెండు పేర్లే.

నేను వంటింట్లో, బూర్లెమూకుడు దగ్గర. పెసర వడలు, వేయించిన చిలికా సరస్సు రొయ్యలు, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలిపిన ముఢి. మరమరాల్ని మేము ఒడియావాళ్లలాగే ముఢి అనే అంటాం. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో గిన్నెలు అందించే కిటికీ ఒకటుంది. అందులోంచి పళ్లేలు అటు వెళ్లేవి, మాటలు ఇటు వచ్చేవి. "కల్యాణి" అని వినపడగానే, "మీ మొహం, అది ఖరహరప్రియ" అని వడల పిండితో చెప్పుకునేదాన్ని. నిజంగానే చెప్పుకునేదాన్ని, పెదవులు కదిపి మరీ.

నాకు విస్కీ అక్కర్లేదు. నాకు కావలసింది ఆ హాల్లో ఒక కుర్చీ. ఒక పాట గురించి నేనో మాట అంటే, ఒప్పుకోవడమో కొట్లాడడమో చేసే మనుషులు. సిగ్గు విడిచి రాస్తున్నాను, దానికోసం ఇరవై ఆరేళ్లు కుళ్లుకున్నాను.

మా నాన్న భంజనగర్‌లో బడిపంతులు. పొద్దున్నే బడికి వెళ్లేలోపు నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టేవారు. సరళీస్వరాలు, జంటస్వరాలు, గీతాలు, వర్ణాలు వరసగా అయ్యాయి. అన్నిటికన్నా నాకు ఇష్టమైంది చివర్లో ఆడే ఆట. రేడియోలో ఏ పాట వస్తే అది ఏ రాగమో చెప్పాలి. తప్పు చెప్తే నాన్న నవ్వేవారు కాదు, తిట్టేవారు కాదు, రేడియో కట్టేసేవారు. ఆ శిక్షకి భయపడి నేర్చుకున్నాను. పదో తరగతికి వచ్చేసరికి నాన్న తప్పు చెప్తే నేను రేడియో కట్టేసే స్థాయికి వచ్చాను.

పెళ్లయ్యి బరంపురం వచ్చిన మొదటి ఏడాది, ఇలాంటి ఆదివారమే, వంటింట్లో కూర తిప్పుతూ ఒక వర్ణం పాడుకుంటున్నాను. గొంతు కాస్త పైకి వెళ్లినట్టుంది. కిటికీలోంచి మా ఆయన తల పెట్టి, "కొంచెం గొంతు తగ్గించే, టీవీలో పాట ఇనపడనేదు" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. అదే నాకు గుచ్చుకుంది. అవతల టీవీలో వస్తున్నది పాట, ఇవతల నేను చేస్తున్నది చప్పుడు అన్నమాట! నేను మళ్లీ ఇంట్లో మనుషులుండగా నోరు విప్పి పాడలేదు. ఎవరూ అడగలేదు కూడా. మొండిదాన్ని, చెప్పలేదు.

పాట మానేశాను గానీ కోపం మానలేదు. ఇక్కడ మా మాట ఒకటి చెప్పాలి. ఒడియాలో రాగ అంటే కోపం. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం కదా, మా నోట్లో అదే రాగం అయిపోయింది. "ఆడికి రాగం ఒచ్చీసింది" అంటే వాడికి కోపం వచ్చిందని. "రాగం సేసుకోకు" అంటే అలగొద్దని. పాటలో రాగం కూడా రాగమే. ఏది ఏదో మాకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. పైనుంచి, అంటే బయటి ఊళ్ల నుంచి, వచ్చినవాళ్లకి తెలియదు.

అలా పైనుంచి వచ్చిన మనిషి ఒకాయన ఈ మధ్య ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. మా ఆయన ఆఫీసులో కొత్త ఆఫీసరు. గోదావరి వైపు నుంచి బదిలీ అయి, కుటుంబాన్ని అక్కడే ఉంచి ఒంటరిగా వచ్చారు. కచేరీలు వినే మనిషి. ఆఫీసులో ఫైలు చూస్తూ కూనిరాగం తీస్తారని మా ఆయన అప్పటికే వారం రోజులుగా చెప్తున్నారు. ఆయన్ని మెప్పించాలని మూడో గ్లాసు కొత్తది తీశారు, సోఫా గుడ్డలు మార్పించారు. నన్ను రెండు రకాల పచ్చళ్లు తియ్యమన్నారు.

ఆఫీసరు గారు మంచివారే. వడ నోట్లో పెట్టుకుని, "ఎన్నాళ్లకండీ!" అన్నారు. నీళ్లే పోయాలి, సోడా పోస్తే విస్కీని అవమానించినట్టే అని తేల్చేశారు. ఇరవై ఆరేళ్ల చర్చ రెండు నిమిషాల్లో ముగిసింది. మా మరిది మొహం చిన్నబోయింది, ఆయనది సోడా పార్టీ. తర్వాత ఆఫీసరు గారు ఆరోహణ, అవరోహణ అని మొదలుపెట్టేసరికి మా ఇద్దరు పండితులూ కల్యాణి, మోహనలని మింగేసి తలలూపడం మొదలెట్టారు.

"ఏటే, ఉల్లిపాయలు!" అని మూడోసారి కేక వచ్చింది.

అప్పుడు నా చేతిలో జల్లిగరిటె ఉంది. దాన్ని గట్టు మీద ఎంత గట్టిగా పెట్టానో నాకు తెలియదు గానీ, హాల్లో మాటలు ఆగిపోయాయి.

"మెల్లగా సార్," అన్నారు మా ఆయన గొంతు తగ్గించి. "మా ఆవిడకి రాగం ఒచ్చిందంటే ఇంక ఆపడం ఎవులి వల్లా కాదు."

"ఓహో!" అన్నారు ఆఫీసరు గారు. "ఏ రాగమండీ?"

"ఏ రాగమేటి సార్! పొద్దున్న ఒకలాటిది, మద్దేన్నం ఒకలాటిది."

"వేళని బట్టి! అబ్బో, సంప్రదాయం తెలిసినవారన్నమాట. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"నేర్సుకోడమేటి, పుట్టుకతో ఒచ్చింది. ఆళ్ల నాన్నదీ ఇదే రాగం. భంజనగర్‌లో అడగండి, సెప్తారు."

"వంశపారంపర్యమా!" ఆఫీసరు గారు గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

మా మరిది ఊరుకుంటాడా? "మా వొదిన రాగం ఈదంతటికీ తెలుసు సార్. ఓపాలి పాలల్లో నీల్లు కలిపినాడని పాలోడి మీద రాగం తీసింది. ఆడు కేను ఒగ్గీసి పరిగెత్తీసినాడు."

"పరుగెత్తాడా?" అన్నారు ఆఫీసరు గారు. "పాపం, అతనికి చెవి లేదు."

నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఒక పక్క నవ్వు ఆగడం లేదు, ఇంకో పక్క ఒళ్లు మండిపోతోంది. నా కోపం గురించి వాళ్లు చెప్తున్న చాడీలన్నీ ఆ మనిషి చెవిలో పొగడ్తలుగా పడుతున్నాయి. పైగా వాళ్లకి తెలియకుండా వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

అప్పుడే టీవీలో నా సీరియల్ టైటిల్ పాట మొదలైంది. వారమంతా వచ్చిన భాగాలు ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వేస్తారు. ఆ సీరియల్ చూస్తానని మా ఆయన నన్ను వెక్కిరించని రోజు లేదు. అత్త ఏడుస్తుంది, కోడలు ఏడుస్తుంది, అందులో చూడ్డానికేముందని అంటారు. నేను చూసేది అత్తనీ కోడల్నీ కాదు, రోజూ ఏడింటికి ఆ పాట వినడానికే టీవీ పెడతాను. ఆ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

"ఇది హిందోళం," అన్నారు ఆఫీసరు గారు. "స్వచ్ఛమైన హిందోళం. అమ్మా, ఒక్కసారి ఇలా వస్తారా? మీరేమంటారో విందాం."

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లాను. ఆఫీసరు గారు లేచి నిలబడి, తను కూర్చున్న కుర్చీ నా వైపు జరిపారు. అప్పటికి మా ఆయనకి విషయం అర్థమైంది. మొహం తెల్లబోయింది. "సార్, అది కాదు సార్, మా దగ్గిర రాగమంటే..." అని మొదలుపెట్టారు.

"మీరుండండి," అన్నాను. ఆ గొంతు ఆయనకి తెలుసు. ఊరుకున్నారు.

కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లుగా కావాలనుకున్న కుర్చీ పొరపాటున దొరికింది. ఇప్పుడు తప్పు చెప్పానంటే ఇంక మళ్లీ వంటింట్లోంచి కదలక్కర్లేదు. పైగా ఎదురుగా ఉన్నది కల్యాణీ మోహనలవాళ్లు కాదు, కచేరీలు విన్న మనిషి, మా ఆయనకి పై ఆఫీసరు. అవునండీ హిందోళమే అనేసి, నవ్వేసి, ఉల్లిపాయలు తెచ్చే వంకతో లోపలికి వెళ్లిపోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

"హిందోళం కాదండి," అన్నాను. "శుద్ధ ధన్యాసి."

"లేదమ్మా, బాగా వినండి. హిందోళమే. పదేళ్ల బట్టీ వింటున్నాను కచేరీలు."

"హిందోళంలో పంచమం ఉండదు కదండి. ఈ పాటలో రెండో పాదమంతా పంచమం మీదే నిలబడుతుంది."

"అది ధైవతం."

"పంచమం."

మా ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలారు. ఆఫీసరు గారికి ఎదురు చెప్పే మనిషిని ఆయన ఆఫీసులో కూడా చూసి ఉండరు. టీవీలో పాట అయిపోయి అత్తగారు ఏడవడం మొదలుపెట్టింది.

"అయితే పాడి చూపించండి," అన్నారు ఆఫీసరు గారు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. నన్ను పాడమని ఒక మనిషి అడగడం మా నాన్న తర్వాత అదే మొదలు.

నేను టీవీ వైపు చూశాను. మా ఆయన నా చూపు చూశారు. రిమోట్ కోసం సోఫాలో తడిమి, దొరక్క, లేచి వెళ్లి స్విచ్ కట్టేశారు.

కళ్లు మూసుకుని షడ్జమం పట్టుకున్నాను. మొదట గొంతు బొంగురుగా వచ్చింది. దగ్గి మళ్లీ పట్టుకున్నాను, నిలిచింది. ముందు హిందోళం పాడాను, స గ మ ధ ని స, ధైవతం దగ్గర కావాలని కాసేపు ఆగాను. "ఇది మీరన్నది," అన్నాను. తర్వాత శుద్ధ ధన్యాసి, స గ మ ప ని స. పంచమం మీదికి వచ్చేసరికి గొంతులో తుప్పు వదిలిపోయింది. అక్కడ నిలబడ్డాను. ఊపిరి ఉన్నంతసేపూ నిలబడ్డాను. అక్కడి నుంచి సీరియల్ పాట రెండో పాదంలోకి దిగి, మాటలు లేకుండా స్వరాలతో పాడి, ఇంక ఆపలేక మా నాన్న నేర్పిన ఆలాపన కూడా కొంత పాడేశాను. వీధిలో పోయేవాళ్లు విన్నా సరే అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, విననీ అనుకున్నాను.

కళ్లు తెరిచేసరికి ఆఫీసరు గారు చేతులు జోడించి ఉన్నారు. "పంచమమే తల్లీ," అన్నారు. "పదేళ్లు విన్నానని గొప్పలు చెప్పుకున్నాను. ఓడిపోయాను."

ఆ మాట ఆయన అంత తేలిగ్గా అన్నందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

"అబ్బ, వొదినా!" అని మా మరిది తొడ మీద చరుచుకున్నాడు. "ఇన్నాల్లూ ఆ రాగమే సూపించినావు, ఈ రాగం సూపించనేదేటి? గురూ, వొదినకి ఓ టికే ఒయ్యి!"

టికే అంటే కొంచెం. మా ఆయన నాలుగో గ్లాసు తెచ్చి, నిజంగానే కొంచెం పోసి, నా ముందు పెట్టారు. ముగ్గురూ చూస్తున్నారు. చుక్క నాలిక మీద వేసుకున్నాను. చేదు, మంట, పైగా చెక్క వాసన. "దీనికోసమా ఇరవై ఆరేళ్లు నా చేత వడలు వేయించారు!" అన్నాను. ఆఫీసరు గారు పొలమారి దగ్గారు.

ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన. స్టవ్ కట్టెయ్యడం మర్చిపోయాను. అలవాటు కొద్దీ సగం లేచి, మళ్లీ కూర్చున్నాను. "ఏమండీ, వడలు మాడుతున్నట్టున్నాయి, సూడండి," అన్నాను. మా ఆయన వంటింట్లోకి పరుగెత్తారు. ఆ పరుగు చూసి నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోవలసిన అవసరం ఏమీ కనపడటం లేదు. పట్టపగలు, నలుగురిలో, నేను గెలిచాను.

రాగమంటే మా దగ్గర ఏమిటో ఆఫీసరు గారికి ఆ తర్వాత మా మరిది విడమరిచి చెప్పాడు. ఆయన పాలవాడి సంగతి గుర్తొచ్చి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "ఒక్క మాటకి రెండు అర్థాలా! ఈవిడకి రెండూ వచ్చు కదండీ, ఇందులో నా పొరపాటేముంది?" అన్నారు.

వాళ్లు వెళ్లాక, మూకుడు అడుగు గీకుతూ మా ఆయన అడిగారు. "నీకింత ఒచ్చని నాకెందుకు సెప్పనేదే?"

ఆ ఆదివారం సంగతి చెప్పాను. గొంతు తగ్గించమన్నారని, టీవీలో పాట వినపడటం లేదన్నారని.

"నానన్నానా?"

"మీరే."

ఆయనకి గుర్తు లేదు. నాకు అక్షరం అక్షరం గుర్తున్న మాట ఆయనకి అసలు గుర్తే లేదు. దానికి ఇంకోసారి కోపం తెచ్చుకోవాలా, నవ్వాలా తెలియలేదు. ఆయన మూకుడు పక్కన పెట్టి, తల దించుకుని, "తప్పయిపోయిందే" అన్నారు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. తర్వాత, "ఇప్పుడో పాట పాడవా?" అన్నారు.

"ఏడయింది, ఇప్పుడు నా సీరియల్ టైము," అన్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని పాటంతా విన్నారు. మధ్యలో ఒకచోట, పంచమం ఇదేనా అని సైగ చేశారు. కాదు, అది గాంధారం. అయినా తల ఊపాను.

తర్వాతి ఆదివారం నుంచి హాల్లో నాలుగు కుర్చీలు వేస్తున్నాం. తినేవి ముందే చేసి పెట్టేస్తాను, లేదా అస్కా రోడ్డు మీది కొట్టు నుంచి మా ఆయన తెస్తారు. నేను టీ తాగుతాను. పాట ఏ రాగమన్నదానికి ఆఫీసరు గారూ నేనూ కొట్లాడుకుంటాం. రెండుసార్లు ఆయన గెలిచారు, ఒప్పుకున్నాను. ఒకసారి మాత్రం ఒప్పుకోకుండా లోపలికి వెళ్లి అలిగాను. "రాగం ఒచ్చీసింది" అని మా మరిది, "ఏది?" అని ఆఫీసరు గారు.

కిందటి గురువారం మా మరిది ఫోన్ చేశాడు.

"వొదినా, ఆదివారం కాలీయేనా?"

"మీ గురువు ఊళ్లో ఉండరు మరిదీ. భంజనగర్‌లో పెళ్లికి ఎల్తన్నారు, సాయంత్రానికి గానీ రారు. ఈ వారం మానేద్దాం."

"ఆడుంటే ఎంత, నేపోతే ఎంత! నువ్వుంతావా నేదా, అది సెప్పు. మా ఆవిడ నీ పాట ఇనాలని పేణం తీస్తంది, ఆదివారం తోలుకొస్తాను. సార్‌కి ఆల్రెడీ సెప్పీసినాను."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఉంటాను. రండి," అన్నాను.

ఫోన్ పెట్టేసరికి మా ఆయన గడ్డం నురుగుతో గదిలోంచి తొంగి చూశారు. "ఆడేనా? నాకేనా ఫోను?"

"కాదండీ, నాకు," అన్నాను.